యాప్‌లో 2,875 అడుగులు, తల మీద 635: పైలట్ లెక్కలో ‘ఎత్తు’ అంటే ఏమిటి?

ఎండాకాలంలో ఒక రోజు నేను, మా అక్క కొడుకు కల్వకుర్తి నుంచి హైదరాబాద్‌కు బస్సులో పోతున్నాం. వాడికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, పైలట్ ట్రైనింగ్‌కు పోతానని పట్టుబట్టి కూర్చున్నాడు. తుక్కుగూడ దగ్గరికి వచ్చేసరికి, శంషాబాద్‌లో దిగబోతున్న విమానం ఒకటి శ్రీశైలం హైవేను అడ్డంగా దాటింది. చక్రాలు బయటికి వచ్చి ఉన్నాయి. రెక్క కింద రాసిన అక్షరాలు కూడబలుక్కుంటే చదవొచ్చు, అంత దగ్గర. మావాడి ఫోన్‌లో విమానాలను చూపించే యాప్ ఉంది. దాన్ని చూసి నా వైపు తిప్పాడు.

“మామా, దీంట్ల 2,875 అడుగులని వస్తుంది. నెత్తి మీదికెళ్లి పోతుంటే అన్ని అడుగులెట్లయితది?”

యాప్ తప్పు చెప్పలేదు, వాడి కళ్లూ తప్పు చూడలేదు. ఆ విమానం నిజంగా మా తల మీద 635 అడుగుల ఎత్తులోనే ఉంది. అదే క్షణంలో 2,875 అన్న అంకె కూడా సరైనదే. ఇంటర్ ఫిజిక్స్ చెప్పే నాకు ఆ లెక్క బస్సులో విడమర్చడానికి పావుగంట పట్టింది. రాసిపెడితే ఇంకొందరికి పనికొస్తుందనిపించింది. పైలట్ కావాలనుకునే పిల్లలు మా నల్గొండ, పాలమూరు దిక్కున ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లు రాసే ఎయిర్ నావిగేషన్, ఎయిర్ రెగ్యులేషన్ పేపర్లలో తికమకంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: ఎత్తు. ఎక్కడి నుంచి ఎత్తు?

సాగర్‌లో 590 అడుగులంటే నీళ్ల లోతు కాదు

ఈ ప్రశ్న మనకు కొత్తదేం కాదు. వానాకాలం వచ్చిందంటే రోజూ పేపర్లో చదువుతాం: నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు, జూరాల 318.516 మీటర్లు. సాగర్‌లో నీళ్లు 590 అడుగుల లోతున్నాయని దీనర్థం కాదు. పునాది అడుగు నుంచి కొలిచినా డ్యామ్ ఎత్తు సుమారు 124.7 మీటర్లే, అంటే 409 అడుగులు. డ్యామే అంత లేనప్పుడు నీళ్లు అంత లోతు ఎక్కడి నుంచి వస్తాయి? 590 అనేది సముద్ర మట్టం నుంచి నీటి పైతలం దాకా కొలిచిన అంకె. జూరాల మీటర్లను అడుగుల్లోకి మారిస్తే 1,045 వస్తుంది. జూరాల నుంచి శ్రీశైలానికి, అక్కడి నుంచి సాగర్‌కు కృష్ణ ఎందుకు దిగుతుందో ఈ మూడు అంకెలు వరసగా పెడితేనే తెలుస్తుంది. ఎవరి లోతు వాళ్లు కొలుచుకుని చెప్తే ఆ వరస కనిపించదు.

పైలట్లు కూడా ఇదే తేడాను మాటల్లోనే విడదీసి పెట్టుకున్నారు. కింద ఉన్న నేల నుంచి విమానం దాకా ఉన్నది హైట్. సముద్ర మట్టం నుంచి విమానం దాకా ఆల్టిట్యూడ్. సముద్ర మట్టం నుంచి నేల దాకా ఎలివేషన్. తెలుగులో మూడింటికీ ‘ఎత్తు’ అనే అంటాం, తికమక సగం అక్కడే మొదలవుతుంది. శంషాబాద్ విమానాశ్రయం ఎలివేషన్ 2,024 అడుగులు. రన్‌వే మీద ఆగి ఉన్న విమానానికి హైట్ సున్నా, ఆల్టిట్యూడ్ 2,024.

గాలి బరువు చూసి ఎత్తు చెప్పే పరికరం

విమానంలో ఎత్తు చూపించే ఆల్టిమీటర్‌కు నేల కనిపించదు, సముద్రమూ కనిపించదు. దానికి తెలిసింది గాలి ఒత్తిడి ఒక్కటే. గాలి తీసేసి మూతేసిన ఒక పల్చటి లోహపు డబ్బీ దాని లోపల ఉంటుంది. పైకి పోయేకొద్దీ చుట్టూ గాలి పల్చబడి డబ్బీ కొద్దిగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పళ్లచక్రాల మీదుగా సూదిని తిప్పుతుంది. కింది పొరల్లో సుమారు 27 అడుగులు ఎక్కితే ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. నోటిలెక్కకు కొందరు 30 అనుకుంటారు, నేను ఇక్కడ 27 వాడతాను.

చిక్కేమిటంటే, విమానం కదలకపోయినా ఒత్తిడి మారుతుంది. పొద్దున ఉన్నంత మధ్యాహ్నం ఉండదు, చలికాలంలో ఉన్నంత మే నెలలో ఉండదు. వాయుగుండం వస్తే ఇంకా పడిపోతుంది. రాత్రి విమానాన్ని నిలిపి వెళ్లిన పైలట్ పొద్దున వచ్చి చూస్తే, అంగుళం కదలని విమానంలో సూది వంద అడుగులు అటో ఇటో ఉండొచ్చు. అందుకే ఆల్టిమీటర్ ముఖం మీద చిన్న కిటికీ, పక్కన ఒక మర ఉంటాయి. మర తిప్పి, ఏ ఒత్తిడిని సున్నా అనుకోవాలో పరికరానికి చెప్పాలి. ఎత్తు గురించిన నియమాలన్నీ ఆ కిటికీలో ఏ అంకె పెట్టాలన్న చోట మొదలవుతాయి.

అక్కడ పెట్టడానికి మూడు ఎంపికలున్నాయి. ఆ ప్రాంతంలో ఆ పూట ఒత్తిడిని సముద్ర మట్టానికి లెక్కకట్టి చెప్పే అంకె క్యూఎన్‌హెచ్. అది పెడితే సూది ఆల్టిట్యూడ్ చూపిస్తుంది. రన్‌వే మీద ఉన్న అసలు ఒత్తిడి క్యూఎఫ్ఈ. అది పెడితే రన్‌వే మీద సూది సున్నాకు వస్తుంది, గాల్లో ఆ రన్‌వే నుంచి హైట్ చెప్తుంది. మూడోది ఏ ఊరిదీ కాదు, ప్రపంచమంతా ఒప్పుకున్న 1013.25 హెక్టోపాస్కల్స్. దీన్ని స్టాండర్డ్ సెట్టింగ్ అంటారు.

ఇప్పుడు తుక్కుగూడ విమానానికి వద్దాం. చాలా ట్రాకింగ్ యాప్‌లు విమానం పంపే స్టాండర్డ్ ఎత్తునే దిద్దకుండా చూపిస్తాయి. ఆ మధ్యాహ్నం శంషాబాద్ క్యూఎన్‌హెచ్ 1005 ఉంది. స్టాండర్డ్‌కు, దానికి తేడా 8 హెక్టోపాస్కల్స్, అంటే 216 అడుగులు. 2,875లో 216 తీస్తే 2,659. ఇది సముద్ర మట్టం నుంచి. అందులో విమానాశ్రయం ఎలివేషన్ 2,024 తీస్తే మిగిలింది 635. సరిచూసుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది. విమానాలు మామూలుగా మూడు డిగ్రీల వాలులో దిగుతాయి, అంటే నాటికల్ మైలుకు (సుమారు 1.85 కిలోమీటర్లు) 318 అడుగులు. మేమున్న చోటు నుంచి చక్రాలు ఆనే చోటు దాదాపు రెండు నాటికల్ మైళ్లు. లెక్క 636కు వచ్చింది. బస్సు టికెట్ వెనక ఈ రెండు లెక్కలూ కలిసిన క్షణం మావాడి ముఖం చూడాల్సింది.

క్యూఎన్‌హెచ్ మంచిదా, క్యూఎఫ్ఈ మంచిదా అన్న వాదన పాతదే. దిగేటప్పుడు సూది సున్నాకు రావడం సహజంగా ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లు రన్‌వే చుట్టూ తిరిగేటప్పుడు బుర్రకు పని తగ్గుతుంది అని క్యూఎఫ్ఈ వైపు వాళ్లంటారు. అందులో నిజముంది. అవతలి వాళ్ల మాట వేరు: మ్యాపుల మీద కొండలు, టవర్ల ఎత్తులన్నీ సముద్ర మట్టం నుంచే రాసి ఉంటాయి. క్యూఎఫ్ఈ పెట్టుకుని ఊరు దాటితే మ్యాపు ఒక భాష, సూది ఒక భాష మాట్లాడతాయి. పైగా శంషాబాద్ అంత ఎత్తున్న చోట క్యూఎఫ్ఈ 930 దగ్గర ఉంటుంది. కొన్ని ఆల్టిమీటర్లలో మరను అంత కిందికి తిప్పడానికే వీలుండదు. నాకైతే దక్కన్ పీఠభూమి మీద ఎగిరేవాళ్లకు క్యూఎన్‌హెచ్ లెక్కే మొదటి నుంచి అలవాటు చేయడం మేలనిపిస్తుంది.

పైన మాత్రం అందరికీ ఒకటే అంకె

క్యూఎన్‌హెచ్ అంత మంచిదైతే పైన కూడా అదే ఎందుకు పెట్టుకోరు? దుబాయ్ నుంచి వచ్చే విమానం, చెన్నై నుంచి పోయే విమానం ఒకే ఆకాశంలో ఎదురుపడతాయి. ఒకరి కిటికీలో చెన్నై అంకె, ఇంకొకరి కిటికీలో హైదరాబాద్ అంకె ఉంటే, ఇద్దరి సూదులు ఒకే ఎత్తు చూపించినా నిజానికి మధ్యలో ఎంత ఖాళీ ఉందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఒక హద్దు దాటి పైకి పోగానే అందరూ 1013.25కు మారతారు. ఆ హద్దే ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్. ఆ పైన ఎత్తును అడుగుల్లో కాకుండా ఫ్లైట్ లెవెల్‌లో చెప్తారు: 35,000 అయితే ఫ్లైట్ లెవెల్ 350. స్టాండర్డ్ సెట్టింగ్ ఇచ్చే ఎత్తు ఆ రోజు నిజమైన ఎత్తుకు కొన్ని వందల అడుగులు తేడాగా ఉండొచ్చు. ఉంటే ఉండనీ. అందరి సూదీ ఒకే తప్పు చూపిస్తే, వాళ్ల మధ్య దూరం తప్పు కాదు. మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇది. పైన ఢీకొట్టడానికి నేల ఉండదు, ఇంకో విమానమే ఉంటుంది. కాబట్టి అక్కడ నిజం కంటే ఒకమాట మీద ఉండటం ముఖ్యం.

అమెరికాలో ఈ హద్దు దేశమంతటికీ 18,000 అడుగులు. చాలా దేశాల్లో ఏ విమానాశ్రయం హద్దు దానిదే. అంతా ఒకటే ఉంటే గుర్తుపెట్టుకోవడం తేలిక, పొరపాట్లు తగ్గుతాయన్నది ఒక వాదం. చుట్టూ కొండలున్న చోటుకు, సముద్రపు ఒడ్డున చదునుగా ఉన్న చోటుకు అవసరాలు వేరు, ఉన్న పద్ధతిని కదిలిస్తే మార్పు రోజుల్లోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయన్నది ఇంకో వాదం.

ఎదురెదురుగా వచ్చేవాళ్లను ఎత్తుతోనే విడదీస్తారు. తూర్పు సగం వైపు, అంటే దిక్సూచిలో 0 నుంచి 179 డిగ్రీల దాకా పోయేవాళ్లకు బేసి వేలు. పడమటి సగం వైపు, 180 నుంచి 359 దాకా పోయేవాళ్లకు సరి వేలు. మ్యాపు మీద శంషాబాద్ నుంచి బెంగళూరుకు స్కేలు పెట్టి గీత గీయండి, అది నాగర్‌కర్నూల్ మీదుగా దాదాపు 190 డిగ్రీల దిక్కున పోతుంది. పోయే విమానానికి 34,000, 36,000 లాంటి సరి లెవెల్స్. వచ్చేదానికి 33,000, 35,000. చెన్నైకి గీస్తే దేవరకొండ, అచ్చంపేటల మధ్య నుంచి 158 డిగ్రీల దిక్కున పోతుంది, దానికి బేసి. నిజంగా పోయే దారి ఈ గీతకు కొంచెం పక్కగా ఉన్నా లెక్క మాత్రం ఇదే. ఒకప్పుడు 29,000 అడుగుల పైన పల్చటి గాలిలో ఆల్టిమీటర్ల మీద అంత నమ్మకం లేక మధ్యలో 2,000 అడుగులు వదిలేవారు. పరికరాలు మెరుగుపడ్డాక దాన్ని 1,000కి తగ్గించారు, మన దేశంలో 2003 నవంబర్ 27 నుంచి అమల్లోకి వచ్చింది. 29,000 నుంచి 41,000 మధ్య దారులు దాంతో దాదాపు రెట్టింపయ్యాయి.

ఆ వెయ్యి అడుగులు తప్పితే ఏమవుతుందో మన దేశం చూసింది. 1996 నవంబర్ 12 సాయంత్రం, ఢిల్లీకి పడమరగా చర్ఖీ దాద్రీ మీద. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం 14,000 దగ్గర ఉండాలి, దిగడానికి వస్తున్న కజకిస్థాన్ విమానం 15,000 దగ్గర ఆగాలి. రెండోది తనకిచ్చిన లెవెల్ కంటే కిందికి జారింది. రెండు విమానాల్లో కలిపి 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. సౌదీ విమానంలో గల్ఫ్ పనులకు పోతున్న మన దేశస్థులే ఎంతోమంది. ఆ తర్వాత ఢిల్లీలో వచ్చే దారులు, పోయే దారులు వేరు చేశారు. ఎదురుగా వచ్చే విమానాన్ని పసిగట్టి ‘పైకి’, ‘కిందికి’ అని చెప్పే యాంటీ కొలిజన్ పరికరం తప్పనిసరైంది.

సాగర్ నుంచి పాలమూరుకు: సూది కదలదు, నేల లేస్తుంది

పెద్ద విమానాలను వదిలి, ఇద్దరు కూర్చునే చిన్న ట్రైనింగ్ విమానంలోకి వద్దాం. నాగార్జునసాగర్ దగ్గర నుంచి మహబూబ్‌నగర్‌కు పోవాలనుకుందాం. సరళరేఖలో సుమారు 77 నాటికల్ మైళ్లు, అంటే 143 కిలోమీటర్లు. దిక్కు 279 డిగ్రీలు, పడమరకు కాస్త ఉత్తరంగా. గాలిలో విమానం వేగం 95 నాట్లు, అంటే గంటకు 95 నాటికల్ మైళ్లు. జూలై నెల, పడమటి గాలి 15 నాట్లతో ముఖానికి కొడుతోంది. నేల మీద వేగం 80 నాట్లే మిగిలింది. 77ను 80తో భాగిస్తే 58 నిమిషాలు. అదే గాలి తిరుగు ప్రయాణంలో వీపున పడి 42 నిమిషాల్లో తీసుకొస్తుంది. ఎదురుగాలిలో పోయిన నష్టం వచ్చేటప్పుడు పూర్తిగా పూడదు. గాలి లేకపోతే రానూ పోనూ 97 నిమిషాలు, గాలి ఉంటే 100. ఇంధనం లెక్కలో ఆ మూడు నిమిషాలను కూడా వదలొద్దు.

దారిలో గుర్తులు చూసుకుంటూ పోవాలి. కుడివైపు దేవరకొండ, ఎడమవైపు డిండి జలాశయం, ముక్కుకు సూటిగా మా కల్వకుర్తి. 48 మైళ్లు వచ్చాక కల్వకుర్తి ఎడమవైపు 4 మైళ్ల దూరంలో కనిపించిందనుకోండి, గాలి మనల్ని ఉత్తరానికి నెట్టిందన్నమాట. పైలట్లకు దీనికో నోటిలెక్క ఉంది: 60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతే ఒక డిగ్రీ తప్పినట్టు. 4ను 48తో భాగించి 60తో గుణిస్తే 5 డిగ్రీలు. ఇంకా 29 మైళ్లుంది, అంతలో ఆ 4 మైళ్లు పూడ్చుకోవాలంటే 4ను 29తో భాగించి 60తో గుణించాలి, 8 డిగ్రీలు. రెండూ కలిపి 13 డిగ్రీలు ఎడమకు తిరిగితే నేరుగా పాలమూరు. 5 డిగ్రీలు మాత్రమే తిరిగితే? మొదటి గీతకు సమాంతరంగా, దానికి 4 మైళ్ల దూరంలోనే పోతూ ఉంటారు. పరీక్షలో ఎక్కువమంది పిల్లలు జారేది ఇక్కడే.

ఇప్పుడు ఎత్తు. నేల నుంచి 3,000 అడుగులు దాటి, కళ్లతో చూస్తూ నడిపేవాళ్లు సరి, బేసి వేలకు ఇంకో 500 కలపాలి. పడమరకు కాబట్టి 4,500 లేదా 6,500. పరికరాలను నమ్మి నడిపే పెద్ద విమానాలు నిండు వేల మీద ఉంటాయి, వాళ్లకూ వీళ్లకూ మధ్య ఆ 500 అడుగుల సందు. మనం 6,500 తీసుకున్నాం. సాగర్ నిండుగా ఉంటే నీళ్ల మీద మన హైట్ 5,910 అడుగులు. పాలమూరు పట్టణం సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున, అంటే 1,640 అడుగుల మీద ఉంది. అక్కడ మన హైట్ 4,860. దారంతా సూది కదల్లేదు, కానీ కింద వెయ్యి అడుగులకు పైగా పోయింది.

6,500 మీద ఇదొక వింత లెక్క, అంతే. మబ్బులు కిందికి దిగి, వాటి కింద 2,000 అడుగుల మీద పోదామనుకున్న రోజు ఇదే లెక్క ప్రాణం మీదికి వస్తుంది. సాగర్ మీద 1,410 అడుగుల హైట్, హాయిగా ఉంటుంది. అదే 2,000 పట్టుకుని పాలమూరు చేరేసరికి హైట్ 360. గుట్టలు, సెల్ టవర్లు, హైటెన్షన్ లైన్లు ఆ 360లోనే ఉంటాయి. సూది మాత్రం మొదటి నుంచీ 2,000 అనే చెప్తోంది.

కళ్లతో నడిపే విమానాలకు ఎంత వెలుతురు, ఎంత దూరం కావాలో కూడా నియమంలోనే ఉంది: 10,000 అడుగుల లోపు 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి, మబ్బుకు పక్కకు 1,500 మీటర్లు, పైకీ కిందికీ 1,000 అడుగులు ఎడం ఉండాలి. పాలమూరు మీద మబ్బు అడుగు 3,500 ఆల్టిట్యూడ్‌లో ఉందనుకోండి. వెయ్యి ఎడం తీస్తే మన పైహద్దు 2,500. నేల 1,640, దాని మీద కనీసం 500 ఉండాలి, కింది హద్దు 2,140. పోవడానికి మిగిలిన దారి 360 అడుగుల సందు. నియంత్రణ లేని గగనతలంలో 3,000 ఆల్టిట్యూడ్ కింద కొంత సడలింపు ఉంది, మబ్బుకు తగలకుండా నేల కనిపిస్తే చాలు. ఈ సడలింపు లేకపోతే వానాకాలమంతా చిన్న విమానాలు నేల మీదే ఉండాలని కొందరు ఇన్‌స్ట్రక్టర్లంటారు. దాన్ని నమ్ముకున్నవాళ్లే మబ్బుకూ గుట్టకూ మధ్య ఇరుక్కుంటారని ఇంకొందరంటారు. పీఠభూమి మీద నేల నెమ్మదిగా లేస్తుంది, కంటికి పట్టదు. అందుకే ఇక్కడ నా మనసు రెండో వాళ్ల వైపే ఉంది.

కింది నుంచి చూసేవాళ్ల టెన్షన్

2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర ఒక ట్రైనింగ్ విమానం కూలి, అందులో ఉన్న ట్రైనీ పైలట్ చనిపోయింది. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్లలో విమానం చప్పుడు తగ్గితే చాలు, పొలాల్లో పని ఆపి పైకి చూస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అందుకే కిందికి ఎంతవరకు రావచ్చో అందరికీ తెలిసి ఉండటం మంచిది.

ఇళ్లు, జనం దట్టంగా ఉన్న చోట, విమానానికి 600 మీటర్ల చుట్టులో ఉన్న అన్నిటికంటే ఎత్తైన దాని మీద 1,000 అడుగులు ఉండాలి. మిగతా చోట్ల నేల మీదో నీళ్ల మీదో 500 అడుగులు. ఎగరడానికి, దిగడానికి ఈ హద్దు వర్తించదు. ట్రైనింగ్‌లో ఇంకొకటుంది: ఇంజన్ ఆగిపోతే ఏం చేయాలో నేర్పడానికి ఇన్‌స్ట్రక్టర్ కావాలనే పవర్ తగ్గిస్తాడు. పిల్ల పైలట్ ఒక ఖాళీ పొలాన్ని ఎంచుకుని దాని వైపు దిగుతూ వస్తుంది, హద్దు దగ్గర మళ్లీ పవర్ ఇచ్చి పైకి లేపుతారు. కింద నాట్లేస్తున్నవాళ్లకు మాత్రం చప్పుడు ఆగిన విమానం తమ మీదికే వస్తున్నట్టు కనిపిస్తుంది.

ఇదే చోట ఇప్పుడు డ్రోన్లు కలిశాయి. వరి, పత్తి మీద మందు కొట్టే డ్రోన్ నాలుగైదు మీటర్లలోనే తిరుగుతుంది, దాంతో పేచీ లేదు. కానీ 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే డ్రోన్ మ్యాపులో పచ్చరంగు వేసిన ప్రాంతంలో, 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయొచ్చు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అది 200 అడుగులే. డ్రోన్ అంకె ఎప్పుడూ కింది నేల నుంచే. 400 డ్రోన్ పైహద్దు, 500 విమానం కింది హద్దు, మధ్యలో వంద అడుగులు. పెళ్లి వీడియో కోసమో, సాగర్ గేట్లు ఎత్తిన వీడియో కోసమో డ్రోన్‌ను ‘ఇంకొంచెం పైకి’ అనేవాళ్లు తినేది ఆ వందనే.

జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకు?

మావాడు అడిగిన రెండో ప్రశ్న ఇది. గాలి ఒత్తిడి పూటపూటకూ మారుతుంటే, మారని జీపీఎస్ ఎత్తు వాడొచ్చు కదా. అలా మారాలని వాదించేవాళ్లు నిపుణుల్లోనూ ఉన్నారు, చర్చ నడుస్తూనే ఉంది. సెట్టింగ్ పొరపాటు అన్నదే ఉండదు, కొండలతో పోల్చుకోవడం తేలిక అన్నది వాళ్ల బలం. అయితే జీపీఎస్ నేరుగా లెక్కకట్టే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమి ఆకారానికి సరిపోయేలా అనుకున్న ఒక నున్నటి గుడ్డు లాంటి రూపం నుంచి. దక్షిణ భారతంలో ఈ రెంటికీ తేడా 70 మీటర్ల పైమాటే. సర్వే డ్రోన్లు నడిపే కుర్రాళ్లకు ఇది రోజూ తగిలే తలనొప్పి. దాన్ని సరిదిద్దే పట్టికలున్నాయి. అసలు అడ్డంకి అది కాదు. సిగ్నల్‌ను చెడగొట్టడం, దొంగ సిగ్నల్ పంపడం ఇప్పుడు పెరిగాయి. గాలి ఒత్తిడిని ఎవరూ జామ్ చేయలేరు. ఇంకా, సగం విమానాలు ఒక లెక్కలో, సగం ఇంకో లెక్కలో ఎగిరే రోజు ఒక్కటి కూడా రాకూడదు. అందరూ ఒకేసారి మారాలి, లేదా ఎవరూ మారకూడదు.

నేల దగ్గరికి వచ్చాక పెద్ద విమానాలు ఇంకో పరికరం చూస్తాయి. 2,500 అడుగుల లోపు రేడియో తరంగాలను నేలకు కొట్టి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి నిజమైన హైట్ చెప్పే రేడియో ఆల్టిమీటర్ అది. దానికి ఏ సెట్టింగూ అక్కర్లేదు. కింద ఉన్నది రన్‌వేనా, గుట్టా అని మాత్రం అది చెప్పదు.

ఇంజన్‌కు తెలిసే ఎత్తు వేరు

మే నెల ఎండలో రన్‌వే మీద నిలబడ్డ విమానానికి ఇంకో ఎత్తు కూడా ఉంటుంది. వేడికి గాలి పల్చబడితే ఇంజన్‌కు, రెక్కకు తాము ఇంకా ఎత్తులో ఉన్నట్టే ఉంటుంది. శంషాబాద్ ఎత్తులో, అంటే సుమారు 2,000 అడుగుల దగ్గర లెక్క ప్రకారం ఉష్ణోగ్రత 11 డిగ్రీలు ఉండాలి. 43 డిగ్రీలు కాసిన రోజు 32 ఎక్కువ. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,840. అంటే ఆ పూట విమానానికి అది 5,800 అడుగుల మీదున్న రన్‌వే. చిన్న విమానమైతే చాలా దూరం పరిగెత్తితే గానీ లేవదు, లేచాక కూడా నీరసంగా ఎక్కుతుంది. ట్రైనింగ్ ఎక్కువగా పొద్దున్నే పెట్టుకోవడానికి ఇదొక కారణం.

ఒక అంకెను మళ్లీ పలకడం ఎందుకు

ఏటీసీ (విమానాలకు నేల మీది నుంచి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ‘క్యూఎన్‌హెచ్ 1005’ అంటే పైలట్ ‘సరే’ అనడానికి వీల్లేదు, ‘1005’ అని తిరిగి పలకాలి. తుక్కుగూడ మీద ఆ మధ్యాహ్నం పైలట్ దాన్ని 1015గా విని ఉంటే సూది 270 అడుగులు ఎక్కువ చూపించేది. సూది 2,659 అంటుంటే విమానం నిజానికి 2,389లో, మా బస్సు మీద 365 అడుగుల్లో ఉండేది. పగటిపూట రన్‌వే కనిపిస్తుంటే పైలట్ సర్దుకుంటాడు. రన్‌వే దగ్గర నుంచి వాలు సిగ్నల్ పంపే ఐఎల్ఎస్ ఉన్నా కాపాడుతుంది, ఎందుకంటే ఆ వాలుకు గాలి ఒత్తిడితో పని లేదు.

2022 మే 23న పారిస్‌లోని చార్లెస్ డిగాల్ విమానాశ్రయంలో ఈ రెండూ లేవు. వాన పడుతోంది. ఆ రన్‌వే ఐఎల్ఎస్ పనిచేయడం లేదు. క్యూఎన్‌హెచ్ 1001 అయితే కంట్రోలర్ 1011 అని చెప్పారు. పైలట్ ఆ 1011నే పద్ధతి ప్రకారం తిరిగి పలికారు. పది హెక్టోపాస్కల్స్, అంటే దర్యాప్తు నివేదిక లెక్కలో సుమారు 280 అడుగులు. తాము సరైన వాలులోనే దిగుతున్నామని సూది చెప్తుండగా, ఆ విమానం రన్‌వేకు ఇంకా ముందే నేలను దాదాపు తాకేంత కిందికి వచ్చేసింది. రన్‌వే కనిపించక పైలట్లు విమానాన్ని మళ్లీ పైకి లేపారు. లేపిన క్షణంలో రేడియో ఆల్టిమీటర్ నమోదు చేసిన అతి తక్కువ హైట్ 6 అడుగులు.